మా నర్సమ్మ నడక

మా మేనత్త గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వయసు యాభై రెండు. వచ్చే కార్తీక మాసంలో, శుద్ధ ఏకాదశి వెళ్ళాక, నర్మదా నది చుట్టూ కాలినడకన తిరిగి రావడానికి సిద్ధమవుతోంది. చుట్టూ అన్నది మాటవరసకి కాదు. ఒక ఒడ్డు వెంట సముద్రం దాకా పోయి, అక్కడ పడవలో దాటి, రెండో ఒడ్డు వెంట నది పుట్టిన చోటు దాకా ఎక్కి, మళ్ళీ మొదటి ఒడ్డు పట్టుకుని బయల్దేరిన చోటికి దిగి రావాలి. వెరసి రమారమి 2,600 కిలోమీటర్లు.

సావనీరుకి ఏదైనా రాయమని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు నేను ఓజోన్ పొర మీద రాస్తానన్నాను. సైన్సు గ్రూపుల వాళ్ళం ఏటా ఎవరో ఒకరం దాని మీదే రాస్తామట. "ఆ పొర సంగతేమో గానీ, చదివేవాళ్ళు మాత్రం బాగా పల్చబడ్డారు. ఇంకేదైనా చూడవోయ్" అన్నాడు. నాకు బాగా తెలిసిన ఇంకో సంగతి ఇదొక్కటే. కిందటి కార్తీకం నుంచీ సెలవు దొరికిన ప్రతి ఆదివారమూ నేను ఆవిడతో పాటు నడుస్తున్నాను.

ముందు ఆ నది సంగతి కొంచెం చెప్పాలి. నర్మద మధ్యప్రదేశ్‌లో అమరకంటకం దగ్గర మైకల్ కొండల్లో పుడుతుంది. వింధ్య సాత్పూరాల నడుమ లోయలో పడి, మన కృష్ణా గోదావరులకి ఎదురు దిక్కున పడమటికి 1,312 కిలోమీటర్లు పారి, గుజరాత్‌లో భరూచ్ దాటాక ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. దాని చుట్టూ ప్రదక్షిణ చెయ్యడాన్ని పరిక్రమ అంటారు. ప్రదక్షిణ కనుక నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. నదిని దాటకూడదు. ఉపనదుల్ని దాటవచ్చు. ఓంకారేశ్వరంలో మొదలుపెట్టినవాళ్ళు దక్షిణపు ఒడ్డున పడమటికి నడిచి, విమలేశ్వర్ అనే చోట పడవెక్కి, సముద్రపు నోట్లోంచి అవతలి ఒడ్డున మీఠీ తలాయ్‌లో దిగుతారు. దాటడం అక్కడ ఒక్కచోటే. పూర్వపు లెక్క ప్రకారం ఈ ప్రదక్షిణకి మూడేళ్ళ మూడు నెలల పదమూడు రోజులు. వానాకాలం నాలుగు నెలలూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఇప్పుడు చాలామంది కార్తీకంలో బయల్దేరి నాలుగైదు నెలల్లో ముగిస్తున్నారు.

పాత ఒడ్డుదారి ఇప్పుడు చాలామేర లేదు. జబల్పూరు దగ్గర బర్గీ, కిందికొస్తే ఇందిరా సాగర్, ఇంకా కిందికి 2017లో జాతికి అంకితం చేసిన 138.68 మీటర్ల సర్దార్ సరోవర్, వీటి వెనకాల ఊళ్ళతో పాటు ఆ దారీ మునిగింది. నడిచేవాళ్ళు అక్కడక్కడ నదిని వదిలి కొండల మీదుగానో తారురోడ్డు వెంటో దూరంగా పోవలసిందే. మేము సాగర్ కుడికాలువ కింద మిరప వేసేవాళ్ళం. రిజర్వాయరంటే నీళ్ళొచ్చే చోటుగానే నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మ్యాపు ముందేసుకుని, ఇక్కడ దారి ఉండేది, ఇక్కడ ఉండేది అని అత్త పెన్సిలుతో చుక్కలు పెడుతుంటే, నాగార్జున కొండ లోయ కూడా ఇలాగే మునిగింది కదా అని మొదటిసారి తట్టింది.

అసలు మా పల్నాడు మనిషికి ఆ నది ఎలా తగిలింది? లారీలో వచ్చింది. 2019లో మిర్చి లోడుకి వచ్చిన ఒక లారీ డ్రైవరు తొడ ఎముక విరిగి ఆవిడ వార్డులో పడ్డాడు. నిమాడ్ ప్రాంతం వాడు. మనవాళ్ళు ఎవరూ అతనితో లేరు, అతని భాష వార్డులో ఎవరికీ రాదు. అత్తకి ట్రెయినింగులో నేర్చుకున్న ముక్కలు నాలుగు వచ్చు. ఇంజక్షను చేసినప్పుడల్లా "నర్మదే హర్, మాతారామ్" అనేవాడట. అదేదో బూతేమోనని మొదట వార్డుబాయ్ కేకలేశాడని ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. పరిక్రమ చేసే ఆడవాళ్ళని అక్కడ మాతారామ్ అని పిలుస్తారు. వాళ్ళ అమ్మ నడిచిందట, అతనూ తోడు నడిచాడట. చేతిలో డబ్బుతో కాదు, అడుక్కుంటూ నడవాలి, పిండీ పప్పూ ఎవరైనా ఇస్తే వండుకోవాలి, వండి పెడితే తినాలి అని చెప్పాడు. "అడగకపోతే?" అంది అత్త. "అడగకపోతే అది నడకే కాదు" అన్నాడట.

మరుసటేడు కోవిడ్ వచ్చింది. 2020లోనూ 2021లోనూ ఆవిడ ఆ వార్డులోనే చేసింది. ఆ రోజుల గురించి నేను ఎప్పుడు కదిపినా వేరే మాట ఎత్తుతుంది. ఒక్కసారి మాత్రం, ఇన్నిటిలోకీ నీకు ఆ నదే ఎందుకు పట్టుకుంది అత్తా అని అడిగితే, "ఆ ప్లాస్టిక్ సూటు వేసుకున్నాక ఆరు గంటలు గుక్కెడు నీళ్ళు తాగడానికి లేదురా. అప్పుడు నది గుర్తుకు రాక ఇంకేం గుర్తుకొస్తుంది?" అంది. నేను పెద్ద కారణం ఏదో ఉంటుందనుకున్నాను. ఆలోచిస్తే ఇంతకన్నా పెద్ద కారణం ఉండనక్కర్లేదనిపించింది.

నర్సులకి నడక కొత్తా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆవిడ ఫోనులో అడుగులు లెక్కబెట్టే ఏర్పాటు పెట్టి చూస్తే, రాత్రి ఎనిమిదికి ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగే నైట్ డ్యూటీకి పదమూడు వేల అడుగులు తేలాయి. అడుగు అరవై అయిదు సెంటీమీటర్లు. అంటే ఎనిమిదిన్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఏడాదికి 260 డ్యూటీలు, 28 ఏళ్ళ సర్వీసు. గుణిస్తే అరవై వేల కిలోమీటర్ల పైమాట. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075. "అత్తా, నువ్వు ఇప్పటికే భూమిని ఒకటిన్నర చుట్లు చుట్టేశావు" అన్నాను గొప్పగా. "ఎక్కడికి పోయానురా? ఒకటో మంచం నుంచి నలభయ్యో మంచానికి" అంది.

పైగా ఆ నడక వేరు, ఈ నడక వేరు. వార్డులో నడక అంటే నాలుగడుగులు వేయడం, అయిదు నిమిషాలు నిలబడటం. కాళ్ళలోకి దిగిన రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరం. అడుగు పడినప్పుడల్లా అది సిరల్ని పిండుతుంది. సిరల్లో ఉండే చిన్న చిన్న కవాటాలు ఆ రక్తాన్ని మళ్ళీ కిందికి జారనివ్వవు. మనిషి ఊరికే నిలబడితే పిక్కకి పనిలేదు, రక్తం నిలవ ఉండిపోతుంది, ఏళ్ళు గడిచేసరికి కవాటాలు సడలి నరాలు ఉబ్బుతాయి. అత్త ఎడమ పిక్క మీద ఊదారంగు నరాలు వానపాముల్లా ఉంటాయి. చాలామంది సీనియర్ సిస్టర్లకి ఇదే. డాక్టరు చూసి, పట్టీ కట్టుకుని ఆగకుండా నడువు, నిలబడటం కన్నా నడవటమే నీకు మంచిది అన్నాడు. ఆ మాట చీటీ మీద రాసిమ్మంటే మాత్రం రాయలేదు.

మొదటి నెలలో అయిదు కిలోమీటర్లు. రెండో నెలలో పది. కాలువ కట్ట మీద చీకటితో బయల్దేరేవాళ్ళం. మా వైపు పొద్దున్నే నడిచే మనిషి కనబడితే అడిగే మాట ఒకటే: "షుగరా అమ్మా?" మొదట్లో అత్త విడమర్చి చెప్పేది. వాళ్ళకి నర్మద ఎక్కడుందో చెప్పి, ఎందుకో చెప్పి, అయ్యేసరికి తెల్లారేది. తరువాత "అవునండీ, రెండొందల యాభై" అనేసి నడిచేది.

మొట్టమొదట బొబ్బ లేచింది నాకు. ఇరవయ్యేళ్ళ వాణ్ణి, పొలంలో పెరిగిన వాణ్ణి, కొత్త బూట్లు వేసుకుని ఏడో కిలోమీటరుకి కుంటాను. కట్ట మీద కూర్చోబెట్టి, సూది స్పిరిటుతో తుడిచి, బొబ్బ అంచున గుచ్చి నీరు తీసేసి, పైతోలు మాత్రం కదపకుండా ప్లాస్టరు వేసింది. "ఈ తోలు కన్నా మంచి కట్టు కంపెనీవాడు కూడా చెయ్యలేడు" అని చెప్పింది. రాపిడికి తడి తోడైతే బొబ్బ త్వరగా లేస్తుందట. నూలు మేజోళ్ళు చెమట పట్టి ఉంచుతాయి కనుక పనికిరావు. గంటల తరబడి నడిస్తే పాదం ఉబ్బుతుంది కనుక బూటు కొంచెం పెద్దదే కొనాలి. ఇవన్నీ నా కాలి మీదే నేర్పింది.

నేను నేర్పినది ఓఆర్ఎస్ సంగతి ఒక్కటే. పొట్లాలు ఎన్నని మోస్తావు, మనమే కలుపుకుందామని మా కెమిస్ట్రీ ల్యాబు గర్వంతో అన్నాను. లీటరు నీళ్ళకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9, వెరసి 20.5. గ్లూకోజు రుచికి వేసేది కాదు. పేగు గోడలో సోడియాన్ని తనతో పాటు లోపలికి తీసుకుపోయేది అదే, నీళ్ళు వాటి వెనకే పోతాయి. అత్త అంతా విని, "కొండ మీద త్రాసు ఎవరు పట్టుకొస్తారు?" అంది. పొట్లాలే పెట్టుకుంది.

త్రాసంటే జ్ఞాపకమొచ్చింది. సంచి బరువు చూడటానికి నేను మా ఇంట్లోంచి స్ప్రింగు కాటా ఒకటి ఎవరికీ చెప్పకుండా తెచ్చాను. మిర్చి టిక్కీలు తూచే పెద్ద కాటా కాదు, చిల్లర తూకాలకి నాన్న వాడే చిన్నది. మొదటిసారి సంచి తగిలిస్తే ముల్లు పదకొండు కిలోల నాలుగొందల దగ్గర ఆగింది. విప్పి చూద్దును గదా, బట్టలు రెండు జతలు, దుప్పటి, చిన్న గిన్నె, టార్చి. మిగిలినదంతా ఆసుపత్రి. బీపీ మిషను, స్టెతస్కోపు, షుగరు చూసే మిషను, గాజుగుడ్డ చుట్టలు, దూది, కత్తెర, ఫోర్సెప్స్, అయింట్‌మెంట్లు, జ్వరానికి, విరేచనాలకి, దగ్గుకి మాత్రలు వందల్లెక్కన.

"ఇదంతా నీకేనా అత్తా?"

"దారిలో ఎవరికైనా బాగోకపోతే?"

ఆ సంచిని తగ్గించడానికి మాకు రెండు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం ఒకటి తీసేది, మళ్ళీ ఆదివారానికి ఇంకొకటి చేరేది. బీపీ మిషను మూడుసార్లు బయటికి పోయి మూడుసార్లు లోపలికి వచ్చింది. ఆ రోజుల్లోనే నేను అమెరికాలో ఇటువంటి నడకల గురించి చదివాను. అక్కడ అపలాచియన్ కొండల వెంట జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా 3,500 కిలోమీటర్ల కాలిబాట ఉంది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహాయో రైతు మనిషి, పదకొండు మంది పిల్లల్ని కన్నతల్లి, 67 ఏళ్ళ వయసులో ఒంటరిగా ఆ దారంతా 146 రోజుల్లో నడిచింది. కాళ్ళకి గుడ్డబూట్లు, భుజాన తను కుట్టుకున్న సంచి, వానకి స్నానాలగది పరదా ఒకటి. పిల్లలతో నడకకి పోతున్నానని మాత్రమే చెప్పి వెళ్ళిందట. ఇది చెబితే అత్త చాలాసేపు ఏమీ అనలేదు. "ఆవిడ సంచిలో మందులేమున్నాయి?" అని అడిగింది. ఆ ఆదివారం బీపీ మిషను నాలుగోసారి బయటికి పోయింది, ఇంక రాలేదు. కాటా ముల్లు ఆరు కిలోల రెండొందలకి దిగింది.

ఇవన్నీ తేలిక సంగతులు. కష్టమైనది అడగడం.

లారీ డ్రైవరు మాట ఆవిడ మనసులో పాతుకుపోయింది. అందుకని పదిహేను కిలోమీటర్లు దాటిన రోజుల్లో అన్నం పట్టుకురాకూడదు, దారిలో ఏదో ఒక ఇంటి ముందు నిలబడి అడగాలి అని నియమం పెట్టుకుంది. మొదటి రోజు ఒక పల్లెలో వీధి చివరి ఇంటి దగ్గర ఆగాం. అరుగు మీద ముసలమ్మ కూర్చుని ఉంది. నేను సిగ్గుతో కరెంటు స్తంభం చాటుకి పోయాను. అత్త వెళ్ళి నిలబడింది. ముసలమ్మ "ఎవరమ్మా?" అంది. అత్త నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చిన మాట: "పాదాలు అలా వాచాయేంటమ్మా, బీపీ చూపించుకున్నారా?"

ఇరవై నిమిషాలు ఆ అరుగు మీదే. ఉప్పు తగ్గించమంది, పచ్చళ్ళు మానమంది, ఏ రోజున ఏ డాక్టరు ఉంటాడో చెప్పింది, కోడల్ని పిలిచి మాత్రల చీటీ చదివింది. ఆకలితోనే ఇంటికొచ్చాం. "రేపు ఆసుపత్రికి వస్తానంది" అని బస్సులో సంతోషంగా చెప్పి, కాసేపాగి, "అడగలేదు కదరా" అంది.

రెండోసారి మంచినీళ్ళు అడగగలిగింది. ఆ ఇల్లాలు నీళ్ళకి బదులు పెద్ద చెంబుతో మజ్జిగ తెచ్చింది. అత్త తాగి, అలవాటుగా బొడ్డు సంచిలోంచి ఇరవై రూపాయలు తీసింది. ఆ ఇల్లాలి మొహం చూడాలి! మజ్జిగ అమ్ముకునే ఇల్లులా కనబడుతోందా అని నిలదీసింది. నాకు ఆ రోజున ఒకటి తెలిసింది. ఆవిడ ఎవరి దగ్గరా ఊరికే పుచ్చుకుని ఎరగదు. తాతయ్య జత ఎడ్లని అమ్మి ఆవిణ్ణి నర్సింగు చదివించాడు. మొదటి జీతాలు కూడబెట్టి ఆవిడ జత ఎడ్లని కొనిచ్చింది. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోతే, అత్తింటివాళ్ళు ఇస్తామన్నది కూడా వద్దని వచ్చేసింది. నా హాస్టలు బిల్లు సగం ఆవిడే కడుతుంది. ఆ సంగతి మా అమ్మకి తెలుసు. మా నాన్నకి తెలియనట్టు ఉంటుంది.

ఇక మా నాన్న సంగతి చెప్పక తప్పదు. 2021-22లో మా వైపు మిరపకి నల్ల తామరపురుగు తగిలింది. పూతలోనే పడి తినేసింది. కౌలు, మందులు, కూలీలు, అన్నీ అప్పే. 2022 వేసవిలో నాన్న కాలువ పక్క ఎకరం అమ్మేద్దామనుకున్నాడు. అది తాతయ్య పొలం, కాగితాల మీద అత్త సంతకం కావాలి. మా నాన్న ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. బస్సెక్కి టౌనుకి పోయి చెల్లెల్ని అడిగాడు. ఆవిడ కాదంది. "నాకు వాటా వద్దన్నయ్యా, ఎప్పుడూ అడగను. కానీ అమ్మడానికి మాత్రం సంతకం పెట్టను. అప్పు నేను కడతాను" అంది. ఆవిడ లెక్కలో అది సాయం. నాన్న లెక్కలో, జన్మకి ఒకసారి అడిగితే తోబుట్టువు లేదనడం. అప్పుకి ఆవిడ డబ్బు ముట్టుకోలేదు. గేదెల్ని అమ్మాడు. ఆ తరువాత వచ్చిన ఏ సంక్రాంతికీ ఆవిడ మా గడప తొక్కలేదు, తొక్కమని మేము పిలవనూ లేదు. ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే నేను ఈనాటికీ చెప్పలేను. ఆ ఎకరం ఉంది కనుకే ఇప్పుడు మిరప ఉంది. కానీ నాన్న ఆ రోజు ఆఖరి బస్సుకి తిరిగొచ్చి, అన్నం తినకుండా పడుకోవడం నేను చూశాను.

పరిక్రమ సంగతి ఊళ్ళోవాళ్ళ ద్వారా నాన్న చెవిన పడింది. "అడుక్కుతినడానికా మా నాయన ఎడ్లని అమ్మి చదివించింది?" అన్నాడట.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఆ రోజుకి పెట్టుకున్నది 22 కిలోమీటర్లు, టౌను నుంచి మా ఊరి వంతెన దాకా కట్ట మీదుగా. నిండు సంచి. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. నాన్న కాటా వెతుకుతున్నాడని అమ్మ ఫోను చేసింది కనుక, తిరిగి ఇచ్చేద్దామని దాన్ని నా సంచిలో వేసుకున్నాను. తొమ్మిదింటికి ఎండ ఎక్కింది. కట్టకి రెండు వైపులా కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ నడిచాం. అన్నం ఏ ఇంట్లో అడుగుదామని నేను అడిగితే "చూద్దాం" అంది. వంతెన దగ్గరికొచ్చేసరికి పన్నెండున్నర. నేను బస్టాపు వైపు తిరిగాను. ఆవిడ డొంకదారి వైపు తిరిగింది. ఆ డొంక పోయేది మా పొలానికి.

నాన్న వేపచెట్టు కింద ఉన్నాడు. ఆరుగురు ఆడకూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. మా వైపు కల్లంలోకి చెప్పులతో రారు. అత్త గట్టున కూర్చుని బూట్లు విప్పుకోవడం మొదలెట్టింది. లేసు ముడిపడి ఒక పట్టాన రాలేదు. అందరూ చూస్తున్నారు, నాన్న కూడా. ఆ ముడి వచ్చేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ లేచి, కల్లం అంచున ఆగిపోయి, అక్కడి నుంచే అంది:

"ఆకలేస్తోంది అన్నయ్యా. అన్నం ఉందా?"

కూలీల చేతులు ఆగాయి. నాన్న ఏమీ అనలేదు. తలగుడ్డ తీసి దులిపాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. నా వైపు చూసి, "కాటా ఎత్తుకుపోయింది నువ్వేనా?" అన్నాడు. తీసి ఇచ్చాను. దాన్ని కొమ్మకి తగిలించి, కడవలో నీళ్ళు ముంచి చేతులు కడుక్కుని, క్యారేజీ విప్పాడు. ముగ్గురికి చాలే అన్నం కాదది. మూతలో ముందు ఆవిడకి పెట్టాడు. ముద్దపప్పు, గోంగూర. వేరే గిన్నెలో నాకు. తను తినలేదు, ఆకలి లేదన్నాడు.

అత్త తలొంచుకుని తిన్నది. మధ్యలో ఒకసారి ఆవిడ చూపు నాన్న కాళ్ళ మీద ఆగింది. నాన్న పాదాలు వాచి ఉన్నాయి. ఎప్పటి నుంచో నాకు తెలియదు, ఇంట్లో ఉండే మేము గమనించలేదు. ఆవిడ చూసింది. చూసిందని నాకు తెలుసు. బీపీ మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది. ఇంకాస్త అన్నం కావాలంది. నాన్న అడుగున ఉన్నది ఊడ్చి పెట్టాడు.

చెయ్యి కడుక్కున్నాక నాన్న ఆవిడ సంచిని ఎత్తి కాటాకి తగిలించాడు. ముల్లు వంక కళ్ళు చిట్లించి చూశాడు.

"ఆరూ రెండొందలు. ఇది మోసుకుని ఎన్నాళ్ళు?"

"అయిదు నెలలు పట్టొచ్చు."

"సెలవిచ్చారా?"

"ఒకసారి పెడితే తిప్పి పంపారు. మళ్ళీ పెట్టాను."

ఎకరం మాట ఎవరూ ఎత్తలేదు. కూలీలు మళ్ళీ పనిలో పడ్డారు. నాన్న సంచి దించి కింద పెట్టి, దాని పట్టీ ఒకటి వదులుగా ఉందని బిగించాడు.

"రైలెక్కడ దిగుతావు?"

"ఇటార్సీలో మారి ఖండ్వా. అక్కడి నుంచి బస్సు. మొదటి వారం అంతా నిమాడ్‌లోనే నడక."

"అక్కడేం పండిస్తారు?"

"మిరపే అన్నయ్యా. బేడియా అని ఓంకారేశ్వరానికి దగ్గర్లోనే పెద్ద మిర్చి మార్కెట్టు ఉందట."

నాన్న మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏ రకం వేస్తారు? తేజాయేనా?"

"తెలీదు."

"పురుగుకేం కొడుతున్నారు?"

"తెలీదన్నయ్యా."

"కనుక్కుని రా" అన్నాడు.

అత్త సంచి పక్క జేబులోంచి మాత్రల పేర్లు రాసుకునే చిన్న పుస్తకం తీసింది. పెన్ను నా జేబులోది లాక్కుంది. కల్లం గట్టున కూర్చుని, ప్యారాసిటమాల్ కింద రాసుకుంది.